బీప్‌ను నమ్మొద్దు: నేల కింద హీటింగ్ కేబుల్ వేసే ముందు చేయాల్సిన పరీక్షలు

బెంగళూరులో నేలను వేడి చేసే కేబుల్ ఎవరికి కావాలి అంటారేమో. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఇక్కడ 15 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. గాలి చలి ఓర్చుకోవచ్చు గానీ కాళ్ల కింద గ్రానైట్ మాత్రం ఐసుగడ్డలా ఉంటుంది. ఐదింటికే లేచి తలస్నానం చేసి పూజగదిలో కూర్చునే పెద్దవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది నరకమే. అమెరికాలో నాలుగేళ్లుండి వచ్చిన కొడుకో కూతురో “అమ్మ బాత్రూమ్‌లో హీటింగ్ వేయిద్దాం” అంటారు. సర్జాపూర్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు విల్లాల్లో నాకు ఈ పని చెప్పేది ఎక్కువగా మన తెలుగువాళ్లే.

పని చిన్నదే. టైల్ కింద అతికించే సిమెంటు జిగురులో సన్నటి కేబుల్ మెలికలు తిరిగి పడుకుంటుంది, అంతే. చిక్కల్లా టైల్ పడ్డాకే. ఆ తర్వాత కేబుల్‌లో తేడా బయటపడితే చేయి పెట్టడానికి దారి ఉండదు, సుత్తి తీయాల్సిందే. అందుకే వేసే ముందు అరగంట మీటర్ పట్టుకుని కూర్చోవాలి. ఈ పరీక్షలు ఇంటి యజమాని దగ్గరుండి చేయించుకోవచ్చు, కొన్ని తనే చేసుకోవచ్చు కూడా.

మొదట్లో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. పెట్టె విప్పి, మా దగ్గర పనిచేసే కుర్రాడికి మల్టీమీటర్ ఇచ్చి చూడమన్నాను. వాడు మీటర్‌ను బజర్ మీద పెట్టి రెండు వైర్లకూ ముళ్లు ఆనించాడు. చప్పుడు లేదు. చొక్కాకు ముళ్లు తుడిచి మళ్లీ ఆనించాడు. “అన్నా, ఇది పోయింది. బీప్ రాలేదు” అన్నాడు. ఇంటాయన ముఖం మాడిపోయింది, డీలర్‌కు ఫోన్ కూడా కలిపాడు. నేను మీటర్ తీసుకుని ఓమ్‌ల (తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) మీదకు తిప్పి చూస్తే 89.1 వచ్చింది. లేబుల్ మీద ఉన్నది 88. కేబుల్ బంగారంలా ఉంది.

సంగతేమిటంటే, మల్టీమీటర్ బజర్ మామూలుగా 30, 50 ఓమ్‌ల లోపు ఉంటేనే మోగుతుంది. బాత్రూమ్‌కు వేసే కేబుల్ మంచిదైతే 80, 100, 170 ఓమ్‌లు ఉంటుంది, దానికి బజర్ ఉలకదు పలకదు. లోపల రెండు తీగలూ అంటుకుపోయిన చెడ్డ కేబుల్‌కు మాత్రం చక్కగా మోగుతుంది. ఇంటి వైరింగ్ అలవాటున్న ఎలక్ట్రీషియన్‌కు ఇది తలకిందుల లెక్క. పెద్ద హాలుకు వేసే 2000 వాట్ల కేబుల్ అయితే 26 ఓమ్‌లే ఉంటుంది కాబట్టి మంచిదైనా మోగొచ్చు. మొత్తానికి బీప్‌తో ఇక్కడ ఏమీ తేలదు. అంకె చూడాలి.

ఏమేం కావాలి

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే మామూలుది చాలు, కానీ కొత్త బ్యాటరీ వేయండి. బ్యాటరీ దిగిపోతే అంకెలు తప్పు చూపిస్తుంది. రెండోది మెగ్గర్, అంటే 500 లేదా 1000 వోల్టులు పంపి ఇన్సులేషన్‌ను, తీగ మీది కరెంటు దాటనివ్వని పొరను, పరీక్షించే మీటర్. ఇది ఇంటి పనులు చేసే ఎలక్ట్రీషియన్లలో చాలామంది దగ్గర ఉండదు. మోటార్ వైండింగ్ షాపులో ఉంటుంది, తెలిసినవాళ్లైతే ఒక పూటకు ఇస్తారు. మెగ్గర్ లేదని ఆ పరీక్ష వదిలేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. పొడి గుడ్డ, హెయిర్ డ్రయర్, పెన్ను, ఫోన్ కెమెరా. అంతే.

లేబుల్ చదవండి

కేబుల్‌కు, లేదా మ్యాట్‌కు (జాలీకి కేబుల్ ముందే అతికించి వచ్చే రకం), ఒక లేబుల్ వేలాడుతూ ఉంటుంది. దాని మీద వోల్టులు, వాట్లు, ఓమ్‌లు, పొడవు ఉంటాయి. దాన్ని ముందు ఫోటో తీసుకోండి. సైటులో లేబుళ్లు ఎగిరిపోవడానికి పది నిమిషాలు చాలు.

ఓమ్‌లు రాయకపోతే మీరే లెక్క కట్టొచ్చు. వోల్టులను వోల్టులతో గుణించి వాట్లతో భాగించాలి. 230ని 230తో గుణిస్తే 52,900. నాలుగు చదరపు మీటర్ల బాత్రూమ్, చదరపు మీటరుకు 150 వాట్ల చొప్పున 600 వాట్ల మ్యాట్ అనుకుందాం. 52,900ని 600తో భాగిస్తే 88.2 ఓమ్‌లు. 300 వాట్ల చిన్న మ్యాట్ అయితే 176 ఓమ్‌లు. కొంచెం అటూ ఇటూ ఉండటం సహజం. చాలా కంపెనీలు 5 శాతం తక్కువ నుంచి 10 శాతం ఎక్కువ వరకు సరే అంటాయి. అంటే మన 88.2కు 83.8 నుంచి 97 మధ్య ఎంత వచ్చినా మంచిదే.

వోల్టుల దగ్గర ఒక్క క్షణం ఆగండి. అమెరికాలో సగం ధరకు దొరికిందని సూట్‌కేసులో మ్యాట్ తెచ్చుకున్నవాళ్లను చూశాను. అక్కడ అమ్మేవాటిలో 120 వోల్టులవి ఉంటాయి. 120 వోల్టులకు చేసిన 600 వాట్ల మ్యాట్ 24 ఓమ్‌లే ఉంటుంది. దాన్ని మన 230కి తగిలిస్తే 600 కాదు, 2,200 వాట్లు లాగుతుంది. టైల్ కింద మూడున్నర రెట్లకు పైగా వేడి! పైగా బజర్ పెడితే ఇది బ్రహ్మాండంగా బీప్ అంటుంది, ఎలక్ట్రీషియన్ “బాగుంది సార్” అంటాడు. 120 అని కనిపిస్తే మళ్లీ సూట్‌కేసులో పెట్టేయండి.

కళ్లతో, వేళ్లతో

పెట్టెను కట్టర్ బ్లేడుతో కోయకండి. నేను చూసిన పాడైన కేబుళ్లలో కొన్ని ఫ్యాక్టరీలో పాడైనవి కావు, పెట్టె విప్పేటప్పుడు పాడైనవి. అట్టపెట్టె మూత మధ్యలో బ్లేడు అర అంగుళం దిగితే చాలు, కింద చుట్ట పైపొర మీద గీత పడుతుంది. టేపును వేలితో పీకండి, లేదా పక్క నుంచి విప్పండి.

తర్వాత చుట్టను వెలుతురులో పెట్టి, కేబుల్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి మెల్లగా జారనివ్వండి. గీత, నొక్కు, ఉబ్బు, మడత ఏదైనా వేలికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. మ్యాట్ అయితే జాలీకి అతికించి ఉంటుంది కాబట్టి వరుస వరుసగా తడమాలి.

రెండు చోట్ల ఎక్కువసేపు ఆగండి. ఒకటి, వేడెక్కని మామూలు వైరు వేడెక్కే కేబుల్‌తో కలిసే జాయింటు. కొంచెం లావుగా గొట్టంలా ఉంటుంది. రెండోది, కేబుల్ చివర మూసిన టోపీ. కేబుల్ మొత్తంలో మనిషి చేయి ఎక్కువగా పడేది ఈ రెండు చోట్లే, అందుకే తేడాలు అక్కడే ఎక్కువ. జాయింటును వంచి చూడకండి, లాగి చూడకండి. ఇంకో మాట, ఆ జాయింటు కూడా టైల్ కింద జిగురులోనే ఉండాలి. గోడలో పైపులోకి లాగేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, లాగనివ్వకండి. కొన్ని రకాలకు టోపీ ఉండదు, రెండు చివర్లా వైర్లు ఉంటాయి. అప్పుడు రెండు చివరలూ థర్మోస్టాట్ (నేల వేడిని అదుపు చేసే గోడ స్విచ్) దగ్గరకు తిరిగి రావాలి. అది వేసే ముందే ప్లాన్‌లో చూసుకోండి.

ఓమ్‌లు కొలవడం

మీటర్ ముళ్లు రెండూ ఒకదానికొకటి ఆనించండి. 0.3 అనో 0.4 అనో చూపిస్తుంది. అది ముళ్ల వైర్ల సొంత లెక్క, చివర్లో తీసేయండి. 200 ఓమ్‌ల రేంజ్ పెట్టి, ఫేజ్, న్యూట్రల్ వైర్లకు ముళ్లు గట్టిగా ఆనించండి. యూరప్ కేబుళ్లలో సాధారణంగా గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్. అంకె నిలబడే దాకా ఆగండి.

లేబుల్‌కు దగ్గరగా వస్తే మంచిది. ఓఎల్ (మీటర్ కొలవలేనంత ఎక్కువ అని) వస్తే లోపల ఎక్కడో తీగ తెగింది. 88 రావాల్సిన చోట 40 వస్తే మధ్యలో రెండు తీగలూ తగులుకున్నాయి. అంకె ఎగురుతూ దిగుతూ ఉంటే ముందు మీ ముళ్లను అనుమానించండి. వైరు చివర రాగిని బ్లేడుతో కొద్దిగా గీకి మళ్లీ చూడండి. అప్పటికీ నిలవకపోతే, ఒకరు మీటర్ చూస్తుంటే ఇంకొకరు జాయింటు దగ్గర కేబుల్‌ను కొద్దిగా కదపండి. అక్కడ అంకె గంతులేస్తే జాయింటు వదులు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కేబుళ్లలో వేడెక్కినకొద్దీ తనంతట తాను తగ్గించుకునే రకం ఒకటుంది. ఫ్యాక్టరీల్లో పైపులకు ఎక్కువగా వాడతారు. దానికి ఈ ఓమ్‌ల లెక్క పనికిరాదు, ఉష్ణోగ్రతను బట్టి మారిపోతూ ఉంటుంది. దానికి మెగ్గర్ పరీక్షే ముఖ్యం. దాని చివర రెండు తీగలను కలిపి మెలిపెట్టకూడదు కూడా, పెడితే నేరుగా షార్ట్.

కవచం సంగతి

వేడి తీగల చుట్టూ సన్నటి లోహపు అల్లిక గానీ రేకు గానీ కవచంలా ఉంటుంది. ఎర్త్ వైరు దానికే కలుస్తుంది. మీటర్‌ను పెద్ద రేంజ్‌లో పెట్టి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, తర్వాత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి. రెండు సార్లూ ఓఎల్ రావాలి. ముళ్ల మొనలను వేళ్లతో పట్టుకోకండి, మీ ఒంటి ఓమ్‌లే కనిపిస్తాయి.

ఏదైనా అంకె వస్తే తీగ కవచానికి తగిలింది. అప్పుడు ఒక తమాషా ఉంటుంది. ఫేజ్ నుంచి ఎర్త్‌కు 30, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు 58 వచ్చాయనుకోండి. రెండూ కూడితే మళ్లీ 88. అంటే తీగ తెగలేదు, మధ్యలో ఒకచోట గట్టిగా కవచానికి తాకింది. ఎటువైపు దగ్గరో కూడా ఆ అంకెలే చెబుతాయి. డీలర్ “మీరే ఏదో చేసుంటారు” అని వాదిస్తే ఈ రెండు అంకెలూ ఉన్న ఫోటో చూపించండి, మాట తగ్గుతుంది.

మెగ్గర్ లేకపోతే ఇవన్నీ సగమే

మల్టీమీటర్ తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. ఇన్సులేషన్ మీద వెంట్రుకంత గీత ఉన్నా అంత తక్కువ వోల్టేజీకి కరెంటు దూకదు, ఓఎల్ అనే చూపిస్తుంది. రేపు 230 వోల్టులు పారినప్పుడు, అదీ తడి బాత్రూమ్‌లో, దూకుతుంది. మెగ్గర్ 500 వోల్టులు పెట్టి అడుగుతుంది కాబట్టి దాని ముందు అబద్ధం నిలవదు.

పద్ధతి ఇది. కేబుల్‌ను థర్మోస్టాట్‌కు గానీ ఇంకెక్కడికీ గానీ కలపకూడదు. కలిపి మెగ్గర్ పెడితే థర్మోస్టాట్ కాలిపోవచ్చు. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి మెలిపెట్టి మెగ్గర్ ఒక క్లిప్‌కు, ఎర్త్ వైరును రెండో క్లిప్‌కు పెట్టండి. చుట్టుపక్కల పిల్లలు లేకుండా చూసి, చేతులు దూరంగా పెట్టి, 500 వోల్టులతో ఒక నిమిషం నొక్కి ఉంచండి. కంపెనీ మాన్యువల్ 1000 అంటే 1000 పెట్టండి. నిమిషం అయ్యాక అంకె రాసుకోండి. క్లిప్పులు తీసేముందు తీగల్లో మిగిలిన చార్జ్ దిగనివ్వండి, లేకపోతే చేతికి చురుక్కుమంటుంది.

కనీసం ఎన్ని మెగాఓమ్‌లు (ఒకటంటే పది లక్షల ఓమ్‌లు) ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. మీ పెట్టెలో ఉన్నదే లెక్క. నా మటుకు నాకు కొత్త పొడి కేబుల్ వందల మెగాఓమ్‌లు చూపించాలి. 100 కంటే తక్కువైతే కారణం తెలిసేదాకా నేల మీద పరచను.

కారణం ఒక్కోసారి ఎంత చిన్నదో చెబుతాను. జూలైలో, సన్నగా తుంపర పడుతున్న రోజు, హొరమావు దగ్గర ఒక ఇంట్లో కొత్త మ్యాట్‌కు మెగ్గర్ పెడితే 3 మెగాఓమ్‌లు. గుండె జారింది. కేబుల్ అంతా తడిమాను, ఒక్క గీత లేదు. తర్వాత చూస్తే వైర్ల చివర్లు కిటికీ గట్టు మీద ఉన్నాయి. తుంపరకు తడిసి ఇన్సులేషన్ కొసల మీద కంటికి కనిపించని తేమ పట్టింది. పొడి గుడ్డతో తుడిచి, ఆ ఇంటి అమ్మాయి హెయిర్ డ్రయర్ అడిగి తెచ్చుకుని రెండు నిమిషాలు గాలి పెట్టి, తీగలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి మళ్లీ నొక్కాను. ముల్లు 500 దాటి పోయింది. కాబట్టి తక్కువ అంకె వస్తే కేబుల్‌ను తిట్టే ముందు కొసలు ఆరబెట్టండి. ఆరబెట్టినా పెరగకపోతే అప్పుడు తిట్టండి.

సెన్సర్

నేల వేడిని చూసే సన్నటి సెన్సర్ వైరు థర్మోస్టాట్‌తో వస్తుంది. దానికి మెగ్గర్ పొరపాటున కూడా పెట్టొద్దు, ఓమ్‌లు చూస్తే చాలు. చాలావాటికి 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్‌లు ఉంటుంది. గుప్పిట్లో పట్టుకుంటే అంకె తగ్గాలి, వదిలితే మెల్లగా పెరగాలి. టైల్ కింద దాన్ని ఒక పైపులో పెట్టించండి, ఎప్పుడైనా పాడైతే లాగి మార్చుకోవచ్చు.

చేయకూడని పరీక్ష ఒకటి

“ఒక్కసారి కరెంటిచ్చి వేడెక్కుతుందో లేదో చూద్దాం” అని ఎవరో ఒకరు అంటారు, తప్పకుండా అంటారు. చుట్టలో ఉన్న కేబుల్‌కు కరెంటు ఇవ్వకూడదు. పక్కపక్కనే ఆనుకుని ఉన్న చుట్లు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. పైకి ఏమీ కనిపించదు, లోపల ఇన్సులేషన్ మెత్తబడిపోతుంది. మీటర్ చెప్పాక కరెంటుతో పనిలేదు.

మళ్లీ రెండుసార్లు

పెట్టె విప్పగానే ఒకసారి, పరిచాక జిగురు పూసే ముందు ఒకసారి, టైల్స్ పడ్డాక ఒకసారి, మొత్తం మూడుసార్లు ఓమ్‌లు, మెగ్గర్ చూడాలి. ప్రతిసారీ తేదీ వేసి వారంటీ కార్డులో రాయండి, మీటర్ అంకెతో సహా ఫోటో తీయండి. మూడు సార్లూ అంకెలు దాదాపు ఒకేలా ఉండాలి. 89.1 ఉన్నది 97 అయిందంటే, అది కంపెనీ హద్దులోనే ఉన్నా నేను పని ఆపేస్తాను. హద్దులో ఉండటం వేరు, నిన్నటి అంకెలా ఉండటం వేరు.

పరిచాక మొత్తం నేలను తలుపు దగ్గర నుంచి ఫోటో తీయండి. పక్కన టేపు పెట్టి తీస్తే ఇంకా మంచిది. రేపు కమోడ్ బిగించేవాడు డ్రిల్ ఎక్కడ పెట్టకూడదో ఆ ఫోటోనే చెబుతుంది.

నా అనుభవంలో ఎక్కువ ప్రమాదం కేబుల్ పరిచాక టైల్స్ పడేలోపు, ఆ మధ్య పూటలోనే. టైల్స్ మేస్త్రీ తాపీ అంచుతో జిగురు గీస్తాడు, బకెట్ ఎత్తి కేబుల్ మీద పెడతాడు, మూలలో కూర్చుని టైల్ కోస్తాడు. తప్పు ఆయనది కాదు, ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. పని మొదలుపెట్టే ముందు ఆయన్ని పిలిచి, కేబుల్ చూపించి, “అన్నా, దీని మీద తాపీ మొన తగిలితే మొత్తం మళ్లీ పగలగొట్టాలి” అని మర్యాదగా చెప్పండి. ఒక టీ కూడా ఇప్పించండి. పళ్ల తాపీకి బదులు కేబుల్ ఉన్న చోట చదును అంచు వాడమనండి. అవకాశం ఉంటే ఆయన పనిచేస్తున్నంతసేపూ మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద కేబుల్‌కు తగిలించి, కనిపించే చోట పెట్టండి. అంకె ఓఎల్‌కు మారిన నిమిషంలోనే తెలిస్తే, తడి జిగురులోంచి ఒక టైల్ తీస్తే సరిపోతుంది.

తేడా వస్తే

వేయకముందు తేడా కనిపిస్తే అదృష్టం. వెనక్కి ఇచ్చేయండి. ఇన్సులేషన్ టేపు చుట్టి వేసేద్దామనే ఎలక్ట్రీషియన్‌తో వాదించకండి, వద్దని చెప్పండి చాలు. “చివర కొంచెం కత్తిరించి టోపీ పెట్టేద్దాం” అనేవాళ్లు ఇంకా ప్రమాదం. మామూలు హీటింగ్ కేబుల్‌ను సగానికి కోస్తే ఓమ్‌లు సగమవుతాయి, మొత్తం వాట్లు రెట్టింపవుతాయి. పొడవు కూడా సగమే కాబట్టి మీటరుకు నాలుగు రెట్ల వేడి. గది చిన్నదైతే చిన్న మ్యాట్ తెచ్చుకోవాలి గానీ కేబుల్ కోయకూడదు. మ్యాట్‌లో కోసేది కింది జాలీని మాత్రమే.

అన్నీ బాగుంటే థర్మోస్టాట్ కనెక్షన్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. దానికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, బాత్రూమ్‌లో దీని మీద బేరాలు వద్దు. కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక లెక్క: 600 వాట్ల మ్యాట్ రెండు గంటలు ఆగకుండా నడిచినా 1.2 యూనిట్లే.

టైల్స్ పడ్డ రోజే స్విచ్ వేయకండి. జిగురు ఎన్నాళ్లు ఆరాలో దాని సంచి మీద, కేబుల్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మందపాటి సిమెంటు స్క్రీడ్‌లో (నేలను చదును చేసే పొరలో) వేస్తే మామూలుగా 28 రోజులు ఆగాలి. తొందరపడి వేడి పెడితే సిమెంటు పగుళ్లిస్తుంది. మొన్న డిసెంబరులో ఒక పెద్దావిడ రోజూ ఉదయం స్విచ్ దగ్గరకు వెళ్లి నిలబడేవారట. వాళ్లబ్బాయి ఫోన్ చేసి “ఎలాగైనా అమ్మకు మీరే చెప్పండి” అన్నాడు. “అమ్మా, సంక్రాంతికి వేసుకుందురు గానీ” అన్నాను. “సంక్రాంతికి చలే పోతుంది కదయ్యా” అన్నారావిడ.